కొక్కేలు ఎక్కడ తయారౌతాయి?

రష్యన్ రచయిత నరకం మాట ఎత్తితే చాలు, మన విమర్శకులు రెండు గుంపులౌతారు. ఒక గుంపు “చూశారా, చివరికి దేవుడి పాదాల దగ్గరికే వచ్చాడు” అని సంబరపడుతుంది. రెండో గుంపు, అంటే మనవాళ్ళు, అదంతా పాతకాలపు మూఢవిశ్వాసమని పేజీ తిప్పేస్తుంది. యిద్దరూ ఆ పేజీ సరిగా చదవలేదనే నా ఫిర్యాదు.

“కరమజోవ్ సోదరులు” నవల (1880)లో ముసలి ఫ్యోదర్ వున్నాడు. తాగుబోతు, లుచ్ఛా. చచ్చాక దయ్యాలు తనను కొక్కేలతో యీడ్చుకుపోతాయంటారు గదా, ఆ కొక్కేలు యినుపవేనా, వాటిని చేసే కార్ఖానా అక్కడ వుందా అని అడుగుతాడు. అంతటితో ఆగడు. కొక్కేలే లేకపోతే తనలాంటివాణ్ణి ఎవరు లాక్కుపోతారు, యిక న్యాయమెక్కడ అంటాడు. భౌతికవాది అడగవలసిన ప్రశ్నను దొస్తోయెవ్‌స్కీ ఒక భూస్వామి నోట పెట్టాడు!

“నేరము–శిక్ష” (1866)లో స్విద్రిగైలోవ్ ఊహించే అనంతలోకం యింకా చిన్నది: పొగచూరిన పల్లెటూరి స్నానాలగది, మూలమూలనా సాలీళ్ళు. ఆ గది ఆకాశంనుంచి వూడిపడలేదని నా నమ్మకం. 1850 నుంచి 1854 దాకా ఆ రచయిత ఓమ్‌స్క్ కారాగారంలో సంకెళ్ళతో బతికాడు. ఆ అనుభవంతో రాసిన పుస్తకంలో, ఆవిరిలో కిక్కిరిసిన ఖైదీల కాళ్ళ గొలుసులు గలగలమంటాయి. వీపుల మీది పాత కొరడా మచ్చలు వేడికి ఎర్రబారుతాయి. తలుపు తీయగానే నరకంలో అడుగుపెట్టినట్లు తోచిందంటాడు కథకుడు. తుర్గేనెవ్ ఆ ఘట్టాన్ని దాంతేతో పోల్చాడు. జారు ప్రభుత్వం కట్టిన నరకం అది.

యింతవరకు మనవాళ్ళు ఉత్సాహంగా తల వూపుతారు. త్వర్దోవ్‌స్కీ కావ్యం “పరలోకంలో త్యోర్కిన్” దగ్గరికి రాగానే గొంతులు సవరించుకుంటారు. అక్కడ మంటలు లేవు. సిపాయి త్యోర్కిన్‌కు ఎదురయ్యేవి బల్లలు, నమోదు పత్రాలు, వేలిముద్రలు, యెవరికీ జవాబివ్వని అధికారులు. ఆ లోకం సైతం మనదీ, బూర్జువాలదీ అని రెండుగా చీలివుంటుంది! రాసింది శత్రువు కాదు, పార్టీ సభ్యుడు, స్టాలిన్ బహుమతి గ్రహీత. 1931లో ఆయన తండ్రి కుటుంబాన్ని ప్రవాసానికి పంపారు. 1954లో “నోవీ మీర్” సంపాదకత్వం నుంచి ఆయన్ను తొలగించారు. అందుకు యీ కావ్యమూ ఒక కారణం. అది అచ్చయ్యేసరికి 1963 వచ్చింది.

ఓమ్‌స్క్‌లో వర్గసత్యం కనిపెట్టిన కన్ను యిక్కడ మూసుకుంటే, ఆ కన్ను చదువుతున్నది సాహిత్యాన్ని కాదు, జెండా రంగును. 1966లో మాస్కో వ్యంగ్య నాటకశాల యీ కావ్యాన్ని ప్రదర్శించింది. కొద్ది ప్రదర్శనలతోనే దింపేశారు. యీ దింపడం కూడా మూఢవిశ్వాసం మీద పోరాటమేనా? తరగతిలో పాఠం చెప్పే మిత్రులు జవాబివ్వాలి.