దీపం ఉంటే చాలా, ఇల్లక్కర్లేదా?

మనవాళ్ళకి ప్యూర్టో రికో అంటే ఎందుకంత ప్రేమో అందరికీ తెల్సిందే. అమెరికా భూభాగమే కాబట్టి హెచ్1 స్టాంపింగు గొడవ లేదు, లాంగ్ వీకెండ్ దొరికితే విమానం ఎక్కేయడమే. శాన్ హువాన్‌లో ఎల్ మోర్రో కోట, దాని మీదున్న లైట్‌హౌస్ ముందు నాలుగు ఫోటోలు, "అయిపోయింది, చూసేశాం". ఎవరి సరదా వాళ్ళది, దాంతో నాకు పేచీ లేదు.

నా పేచీ అంతా కులెబ్రీతా దాకా పడవలో వచ్చి కూడా "జీపీయస్ రోజుల్లో ఇవెందుకండీ, అయినా పాడుబడితేనే ఫోటోకి అందం" అనేవాళ్ళతో. ఈ ముక్క నాతో పాటు వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ మహానుభావుడే సెలవిచ్చాడు. మరి ఎల్ మోర్రోలో ఇప్పుడు ఫిరంగులు పేలుస్తున్నారా బాబూ? టికెట్ కొని మరీ చూశావు కదా!

సెయ్‌బాలో ఫెర్రీ ఎక్కితే కులెబ్రా. అక్కణ్ణించి చిన్న పడవలో కులెబ్రీతా. మనుషులు కాపురముండని దీవి. బీచ్‌లో దిగి, ఎండలో పొదల మధ్య కాలిబాట పట్టుకుని గుట్టెక్కాలి. పైన 1886లో స్పెయిన్ వాళ్ళు పూర్తి చేసిన లైట్‌హౌస్. 1898లో దీవులు అమెరికా చేతికొచ్చాయి. 1975లో నేవీ దీన్ని మూసేసింది. 1981లో చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టర్లో చేర్చారు. 1989లో హ్యూగో, 1995లో మెరిలిన్ తుఫాన్లు చావగొట్టాయి. రిజిస్టర్లో పేరుంటే గాలివాన ఆగుతుందా? నేను చూసేసరికి కప్పు పోయిన గదులు, తుప్పు తినేసిన ఇనుము, ఊడొస్తున్న ఇటుకలు.

తప్పంతా తుఫాన్లదే అంటే నేనొప్పుకోను. పాతకాలం లైట్‌హౌసుల్లో దీపం చూసుకునే మనిషి అక్కడే కాపురముండేవాడు. ఆయన పని వత్తి వెలిగించడం ఒక్కటే కాదు. అద్దాలు తుడవాలి, సున్నం వెయ్యాలి, ఉప్పుగాలికి పట్టిన తుప్పు గీకి రంగెయ్యాలి, కారే చోట వెంటనే అతుకెయ్యాలి. ఆటోమేషన్ వచ్చినప్పుడు రిక్వైర్‌మెంట్స్ రాసినవాళ్ళు "దీపం వెలగాలి" అని ఒక్క లైను రాసుకున్నారు. మిగతావి ఏ డాక్యుమెంట్లోనూ లేవు, ఎందుకంటే ఆయన ఎవరూ చెప్పకుండానే చేసేవాడు. మనిషిని తీసేశారు, టెస్ట్ పాసయింది, బిల్డింగు మెల్లిగా చచ్చింది. ఈ తంతు మన ప్రాజెక్టుల్లో చూడనివాళ్ళుంటే చేతులెత్తండి.

డబ్బులేవీ అంటారా? ఫజార్డో దగ్గర కబేసాస్ దె శాన్ హువాన్ లైట్‌హౌస్ చూడండి. 1882 నాటిది, దీనికంటే నాలుగేళ్ళు పెద్ద. ప్యూర్టో రికో కన్సర్వేషన్ ట్రస్ట్ ఆ జాగా కొని, బాగుచేసి, గైడుని పెట్టి చూపిస్తోంది. తుఫాన్లు దాన్నేమీ మొహమాటపడి వదిలెయ్యలేదు. ఫజార్డోకి రోడ్డుంది, కులెబ్రీతాకి ప్రతి బస్తా పడవలో మొయ్యాలి, ఖర్చెక్కువే, కాదనను. మరి 1880ల్లో స్పెయిన్ వాళ్ళు పనివాళ్ళనీ సామాన్లనీ హెలికాప్టర్లో దింపారా?

వెళ్ళేవాళ్ళు మంచినీళ్ళు మోసుకెళ్ళండి, అక్కడ కొట్లుండవు. గోడలెక్కి ఫోజులివ్వకండి, అవి ఆ బరువు మొయ్యలేవు. ఆ దీవి వన్యప్రాణి ఆశ్రయం, ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీసు చేతిలో ఉంది. తిరిగొచ్చాక ఫోటోలు మన గ్రూపులో పెట్టే ముందు వాళ్ళకో మెయిలు పడేయండి, "ఈ కప్పు సంగతేంటి?" అని.