మూలకముల పట్టికలో మన పేరేది?

2016వ సంవత్సరము నవంబరు మాసమున మూలకముల పట్టికలో నాలుగు క్రొత్త పేర్లు చేరినవి. వానిలో 113వ మూలకమునకు జపానువారు తమ దేశము పేరిట నిహోనియమని నామకరణము చేసిరి. ఆసియాఖండమున కనుగొనబడిన మొదటి మూలకమదియే. భారతదేశము కనుగొన్నది యొక్కటియు లేదు. ఇందులకు మనము అసూయ పడనక్కరలేదు గాని యాలోచింపక తప్పదు.

ఆ కార్యమెట్లు నెరవేరినదో చదువరులు తెలిసికొనవలెను. బిస్మతు పరమాణుగర్భమున 83 ప్రోటానులు, జింకు పరమాణుగర్భమున 30 కలవు. రెండును కలసిన 113. ఈ లెక్క బడిపిల్లవానికిని తెలియును. కాని మన కందకుర్తికడ గోదావరి, మంజీర, హరిద్రలు కలసినంత సులభముగ పరమాణుగర్భములు కలియవు. రెండును ధనవిద్యుత్తు గలవే యగుటచే నొకదానినొకటి త్రోసివేయును. తగినంత వేగము లేనిచో దగ్గరకు రావు. వేగము మితిమీరినచో కలసియు వెంటనే చెదరిపోవును. మొరీటా కోసుకే యను శాస్త్రజ్ఞుని బృందమువారు 2003లో ప్రయోగములారంభించి, బిస్మతు రేకుపై జింకు కణములను ప్రయోగించుచు, 2004లో నొకటి, 2005లో నొకటి, 2012లో నొకటి, వెరసి మూడే మూడు పరమాణువులను సాధించిరి. అవియును రెప్పపాటుకాలమైన నిలువలేదు.

"బోధను చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతబడి చెరకు రైతు దిక్కుతోచక నిలిచినచోట ఈ క్షణభంగుర పదార్థముతో మనకేమి పని?" యని కొందరడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. రైతునకు జరుగవలసిన న్యాయము జరిగియే తీరవలెను. కాని ప్రయోగశాలలను ఎండగట్టినంత మాత్రమున చెరకుతోటలు పండవు. బరువైన పరమాణువులలో ఎలక్ట్రానులు వెలుగు వేగమునకు సమీపించుచు తిరుగును. బంగారము పసుపువన్నెకును, పాదరసము ద్రవముగ నుండుటకును అదియే ముఖ్యకారణము. ఆ ధర్మమును తుదిదాక పరీక్షించుటకు అతిభార మూలకములే గీటురాళ్లు. ఆ పరీక్షలకై నేర్చిన పనితనము వైద్యశాలలకును కర్మాగారములకును అక్కరకు వచ్చును.

మనవారు అసమర్థులు కారు. గోదావరీతీరమున పుట్టి, సన్న్యాసాశ్రమము స్వీకరించి, ఐరోపాలో భౌతికశాస్త్రము నభ్యసించి వచ్చిన స్వామి జ్ఞానానందులు విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పరమాణు భౌతికశాఖకు పునాది వేసిరి. నేడు ఢిల్లీ, ముంబయి, కలకత్తా నగరములలో యాక్సిలరేటరు యంత్రములును కలవు. కొరవడినది దీర్ఘకాల దీక్ష. ఏడేండ్లు ఫలము కానరాకున్నను ప్రయోగము మానని జపానువారి యోర్పును, ఆ యోర్పును పోషించిన వారి ప్రభుత్వమును మన పాలకులు గమనింతురుగాక!

కణాదమహర్షి మావాడని సభలలో చప్పట్లు కొట్టించుకొనుట సులభము. నిజామాబాదు మొదలగు జిల్లాల కళాశాలలలో రసాయనశాస్త్ర విద్యార్థికి చేతినిండ పరికరములిచ్చి, వాని పరిశోధనకు పదేండ్ల భరోసా యిచ్చుటయే ఆ మహర్షికి నిజమైన గౌరవమని మా యభిప్రాయము.