సాగు ఎవరిది?

1855లో, ఇప్పటి వాషింగ్టన్ రాష్ట్రంలోని పాయింట్ ఇలియట్ దగ్గర అమెరికా ప్రభుత్వం ప్యూజెట్ సౌండ్ తీరపు తెగల చేత ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టించుకుంది. నేలలో చాలా భాగం తీసుకుని, అలవాటైన రేవుల్లో మిగతా పౌరులతో పాటు చేపలు పట్టుకునే హక్కు మాత్రం వాళ్లకు ఉంచింది. దానికో మెలిక పెట్టింది: పౌరులు హద్దులు పాతుకున్న, సాగు చేసుకున్న ఆల్చిప్పల మడుల జోలికి తెగలవాళ్లు వెళ్లకూడదు. అంటే సాగు చేసేది తెల్లవాడు, ఏరుకునేది ఆదివాసి అని ముందే తీర్మానించేశారు.

అసలు సంగతి వేరు. అలాస్కా నుంచి వాషింగ్టన్ దాకా ఆ తీరపు ప్రజలు బాగా ఆటు తీసినప్పుడు నీటి అంచుకి రాళ్లు దొర్లించి గట్లు కట్టేవారు. గట్టు వెనక ఇసుక, చిప్పల ముక్కలు చేరి ఏటవాలు ఒడ్డు చదునవుతుంది. ఆల్చిప్పలు ఏ లోతులో బాగా ఎదుగుతాయో ఆ లోతులోనే మడి విశాలమవుతుంది. తవ్వి తీసినప్పుడల్లా ఇసుక గుల్లబారి గాలి ఆడుతుంది. రాళ్ల సందుల్లో ఆక్టోపస్‌లు, పీతలు చేరతాయి, అవీ తిండే. కెనడా పడమటి తీరంలోని క్వాడ్రా దీవిలో ఇలాంటి గట్లలో కొన్ని కనీసం 3,500 ఏళ్ల నాటివని 2019లో తేల్చారు. అదే దీవిలో అంతకుముందు చేసిన పరిశోధన ప్రకారం, గట్టు లేని ఒడ్ల కంటే గట్టున్న చోట బటర్ క్లామ్ రకం ఆల్చిప్పలు నాలుగు రెట్లు, లిటిల్‌నెక్ రకం రెండు రెట్లు ఉన్నాయి.

అదే తీరంలోని బ్రౌటన్ దీవుల గట్లను 1995లో జాన్ హార్పర్ అనే శాస్త్రవేత్త హెలికాప్టర్ నుంచి చూశాకే బయటి లోకం వీటిని పట్టించుకుంది. దాన్ని కనిపెట్టడం అంటే నాకు ఒళ్లు మండుతుంది. అక్కడి క్వాక్వకావక్వ ఆదివాసుల పెద్ద ఆడమ్ డిక్‌కు ఆ గట్ల పేరూ తెలుసు, పనీ తెలుసు. కానీ మశూచి ఊళ్లు ఖాళీ చేసింది, ప్రభుత్వ బడులు పిల్లల్ని ఇళ్ల నుంచి ఎత్తుకుపోయాయి. ఇక గట్లు చూసేదెవరు?

ఆ 1855 నాటి ఒప్పందాల ప్రకారం ఆల్చిప్పల్లో సగం వాటా తెగలదేనని వాషింగ్టన్‌లో ఫెడరల్ న్యాయమూర్తి రఫీడీ 1994లో తీర్పు ఇచ్చారు. 2022లో స్వినోమిష్ తెగ కికెట్ దీవి ఒడ్డున సొంతంగా కొత్త గట్టు కట్టింది.

ఇక మన తీరం సంగతికొస్తే, ఉప్పునీటి సాగు అంటే రొయ్యల చెరువులే. అవి పొలాల్నీ తాగునీటినీ చెడగొడుతున్నాయన్న ఫిర్యాదుల మీద సుప్రీంకోర్టు 1996లో, సంప్రదాయ చెరువులు మినహా, తీరప్రాంత చెరువులు తీసేయమంది. 2005 చట్టం వాటిని మళ్లీ గట్టెక్కించింది. ఆటుపోట్లు ఎరిగిన జాలరిని ఎవరు అడిగారు గనక? తీర ప్రణాళికలు రాసే గదిలో అతనికి సలహాదారు కుర్చీ వేస్తే చాలదు, ఓటు ఉండాలి.

సియాటిల్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లు ఒక ఆదివారం కికెట్ దీవికి వెళ్లి చూసి రండి. ఆల్చిప్పలు తవ్వడానికి మాత్రం కాదు, అవి స్వినోమిష్ వాళ్లవి.