వాల్వు పోయిందని హెడ్డు కొనకండి, ముందు పరీక్షకు పంపండి



దమ్ము సీజన్ వచ్చిందంటే ప్రతి ఊళ్ళో ఒకటో రెండో ట్రాక్టర్లు ఇంజను విప్పుకుని షెడ్డులో కూర్చుంటాయి. వాల్వు కాలిందనో, విరిగి పిస్టన్ మీద పడిందనో చెప్తారు. వెంటనే మనం అడిగే మొదటి మాట, "హెడ్డు ఎంతకి దొరుకుద్ది?" అని. ఆ ప్రశ్నతోనే మన జేబుకి చిల్లు పడుతోంది. హెడ్డు నిజంగా పోయిందో లేదో తేలకముందే బేరానికి దిగితే ఎదుటివాడు ఏది చెప్తే అదే ధర, ఏది ఇస్తే అదే సామాను.

వాల్వు దెబ్బతినడం వేరు, హెడ్డు పోవడం వేరు. వాల్వు, గైడు, సీటు మార్చుకోవడానికి వీలున్న సామాన్లే. కొన్ని ఇంజన్లలో సీటు విడిగా ఉండదు, హెడ్డులోనే కోసి ఉంటుంది. దానికి కూడా హెడ్డుల పని తెలిసిన లేత్ షాపులో బోరు చేసి సీటు రింగు దించుతారు. పోత పగలనంత వరకు, మరీ పల్చబడనంత వరకు ఆ హెడ్డుకి ఆయుష్షు ఉన్నట్టే.

మరి పగిలిందో లేదో ఎట్లా తెలుస్తుంది? చూసి చెప్పేది కాదది. పగులు ఎక్కువగా వచ్చేది రెండు వాల్వు సీట్ల మధ్య ఉండే సన్నటి భాగంలో, లేదంటే సీటు నుంచి నాజిల్ రంధ్రం వైపుకి. మసి కింద వెంట్రుకంత గీత ఎవరి కంటికీ ఆనదు. శుభ్రంగా కడిగి, ఎర్ర రంగు ద్రవం పూసి, తుడిచి, పైన తెల్ల పౌడరు కొడితే పగులు ఉన్నచోట ఎర్ర గీత బయటికి వస్తుంది. నీళ్ళు తిరిగే దారుల కోసం ఇంకో పరీక్ష ఉంది. రంధ్రాలన్నీ ప్లేట్లతో మూసి, వేడి నీళ్ళలో ముంచి, లోపలికి గాలి కొడతారు. బుడగ వచ్చిందంటే అక్కడ లీకున్నట్టే. చివరగా అడుగు భాగం మీద ఉక్కు బద్ద పెట్టి, ఫీలర్ గేజితో వంపు చూడాలి. ఈ మూడూ చేయించకుండా "హెడ్డు పోయింది" అనే మాటని నమ్మకండి. "బాగానే ఉంది, బిగించేద్దాం" అనే మాటని కూడా నమ్మకండి.

"మా మేస్త్రీకి ముప్పై ఏళ్ళ అనుభవం, చూడగానే చెప్పేస్తాడు" అంటారు కొందరు. ఆయన అనుభవానికి దండం పెడదాం. అయితే ఇనుము లోపలికి ఏ మేస్త్రీ కన్నూ పోదు. మంచి మేస్త్రీ అయితే ఆయనే పరీక్షకు పంపిస్తాడు. "సీజన్లో అంత టైము ఎక్కడిది?" అనేది ఇంకో మాట. పగిలిన హెడ్డు బిగించి, నాలుగు రోజులు దున్ని, ఆయిల్లో నీళ్ళు కలిసి బేరింగులు పోతే అప్పుడు ఎన్నాళ్ళు ఆగుతారు? నారు ముదిరిపోతుంటే గంటకింత అని అద్దె ట్రాక్టరు పెట్టుకోవాల్సింది మనమే.

పరీక్షలో హెడ్డు నిజంగానే పోయిందని తేలితే కొనండి, కాదనను. సీట్ల మధ్య పగులు నీళ్ళ దారిదాకా పోయినా, విరిగిన వాల్వు కొట్టి కొట్టి సీటు గూడు చితికిపోయినా, ఫేసింగుల మీద ఫేసింగులతో కంపెనీ చెప్పిన మందం కంటే తగ్గిపోయినా మార్చాల్సిందే. సీట్ల మధ్య పగులుకి వెల్డింగ్ పెట్టించి సీజన్ గట్టెక్కుదామనుకోవద్దు. ఇంజనులో ఎక్కువ వేడి తగిలే చోటే అది. పోత ఇనుము వెల్డింగు మామూలుగానే కష్టం, అక్కడ అసలు నమ్మకం లేదు.

ఇక పాత హెడ్డుల సంగతి. సగం ధర అనగానే మనకి చెయ్యి ఆగదు. ఒక్క ప్రశ్న వేసుకోండి. అది ఆ బండి నుంచి ఎందుకు ఊడింది? బాగున్న హెడ్డుని ఎవరూ ఊరికే అమ్ముకోరు. పాడైన బండి విప్పి అమ్మేవాళ్ళ దగ్గర మంచి హెడ్డు కూడా ఉండొచ్చు. కానీ "పరీక్ష చేయించుకుని, పాసైతేనే డబ్బులిస్తా" అనండి. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి. మందం కొలవండి. ఫేసింగు చేసిన ప్రతిసారీ వాల్వులు పిస్టన్‌కి దగ్గరవుతాయి, నాజిల్ మొన ఎక్కువ బయటికి పొడుచుకొస్తుంది. సీటు మరీ లోతుగా కోసిన హెడ్డయితే కంప్రెషన్ తగ్గి పొద్దున్నే స్టార్టు కాక ఏడిపిస్తుంది.

ఒకే కంపెనీ, ఒకే రంగు అయినంత మాత్రాన హెడ్డు ఒకటే అనుకోవద్దు. హెచ్.పి. మారితే, మోడల్ సంవత్సరం మారితే వాల్వు సైజు, నాజిల్ రంధ్రం, నీళ్ళ రంధ్రాలు మారొచ్చు. మీ ఇంజను నంబరు చెప్పి పార్టు నంబరు తీసుకోండి. కొత్త గాస్కెట్ హెడ్డు మీద పరిచి ప్రతి రంధ్రం సరిపోతుందో మీరే చూడండి. కొత్తది కొనేటప్పుడు ఉత్త హెడ్డా, వాల్వులు స్ప్రింగులతో కలిపిన సెట్టా అని ముందే తేల్చుకోండి. తక్కువ ధర చెప్పినవాడిది తీరా చూస్తే ఉత్త పోత అయి ఉంటుంది. సిలిండరుకో హెడ్డు ఉండే ఇంజనైతే పోయిన ఒక్కదాన్నే మార్చుకోవచ్చు. మూడూ మార్చాలని ఎవరైనా అంటే మిగతా రెండింటి పరీక్ష రిజల్టు చూపించమనండి.

అన్నిటికంటే ముఖ్యమైంది కారణం. టాపెట్ గ్యాపు తక్కువైతే ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోదు. సీటుకి ఆనినప్పుడే దాని వేడి హెడ్డులోకి, అక్కడి నుంచి నీళ్ళలోకి దిగుతుంది. ఆనకపోతే కాలిపోతుంది. ఎయిర్ క్లీనర్ పట్టించుకోకపోతే దుమ్ము పోయి గైడు, సీటు అరిగిపోతాయి. రేడియేటర్లో బోరు నీళ్ళు పోస్తే హెడ్డు లోపల సున్నం పేరుకుని నీటి దారి పూడుకుపోతుంది. విరిగిన వాల్వు ముక్కలు పిస్టన్‌లో దిగబడి ఉంటాయి, మానిఫోల్డులోంచి పక్క సిలిండర్లోకి కూడా పోతాయి. రాడ్డు వంగిందేమో కూడా చూడాలి. ఇవేవీ చూడకుండా కొత్త హెడ్డు పెడితే దాన్ని కూడా అదే గతికి పంపినట్టు.

బిగించేటప్పుడు కొత్త గాస్కెట్టే వేయండి. బోల్టులు మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతలుగా, టార్క్ రెంచితో కంపెనీ చెప్పిన లెక్కకి బిగించాలి. "చెయ్యికి తెలుస్తుందిలే" అనే మాట ఇక్కడ పనికిరాదు.

బిల్లు లేకుండా మాత్రం కొనకండి. పార్టు నంబరు బిల్లు మీద రాయించండి. సొంతంగా పని చేసుకుని బతకడం కోసమే కొన్న సామానుకి 2019 వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. తేడా వస్తే 1915కి ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి పోవచ్చు. చేతిలో కాగితం లేకపోతే ఎక్కడికి పోయినా మన మాట గాల్లో కలిసిపోతుంది.

ఎద్దుని కొనేటప్పుడు పళ్ళు చూస్తాం, నడిపించి చూస్తాం, సుడులు కూడా లెక్కపెడతాం. అంత జాగ్రత్త తెలిసిన మనం హెడ్డు దగ్గర మాత్రం కళ్ళు మూసుకుని డబ్బులెందుకు ఇవ్వాలి?