కొంగ బొమ్మకు మార్కులు వద్దు

"జపాన్ పక్షుల బొమ్మలు పోగు చేస్తే మా పాపకు ఏం వస్తుందండీ?" అని పేరెంట్స్ మీటింగులో ఒక తల్లి అడిగారు. డ్రాయింగ్ టీచర్‌ని కదా, ఇలాంటి ప్రశ్నలు నాకే తగులుతాయి. "ఏకాగ్రత పెరుగుతుందండీ" అని ఆ రోజు తప్పించుకున్నాను. అది సరైన జవాబు కాదు.

ఆ బొమ్మలు చెక్క అచ్చులతో వేసినవి. పూలు, పక్షులు ఉండే రకాన్ని జపాన్‌లో కాచో-ఎ అంటారు. గీసేవారు ఒకరు, చెర్రీ చెక్క మీద చెక్కేవారు ఇంకొకరు, రంగు పూసి అచ్చు వేసేవారు మరొకరు. పెట్టుబడి పెట్టి అమ్మేది ప్రచురణకర్త. సాధారణంగా ఒక్కో రంగుకు ఒక్కో చెక్క. తెల్ల కొంగ ఈకలకైతే కొన్నిసార్లు రంగు పూయని అచ్చు మీద కాగితం పెట్టి గట్టిగా రుద్దుతారు. ఈకల గీతలు కాగితంలోనే ఉబ్బెత్తుగా లేస్తాయి. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటేనే బాగా కనబడతాయి.

జిరాక్స్ సెంటర్ కాపీలో ఆ ఉబ్బు రాదు, ఒప్పుకుంటాను. అయినా పిల్లలకు అవే చాలు. హిరోషిగే (1797-1858), ఒహారా కోసన్ (1877-1945) వేసిన పక్షుల బొమ్మలను ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం తన వెబ్‌సైట్‌లో ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోనిస్తుంది. "ఒరిజినల్" అని ఆన్‌లైన్‌లో అమ్మేవాటి జోలికి మాత్రం వెళ్లకండి. పాత బొమ్మనే కొత్తగా చెక్కి మళ్లీ అచ్చు వేసినవి చాలా ఉంటాయి. ఫోటో చూసి వయసు చెప్పడం మనవల్ల కాదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఒక ఏడాది దీన్ని ప్రాజెక్ట్‌గా ఇచ్చాను. పది బొమ్మలు తెస్తే పది మార్కులు. క్లాసంతా గూగుల్‌లో మొదట వచ్చిన పదే తెచ్చింది. ఫైళ్లు మాత్రం మెరిసిపోయాయి. అందులో ఉన్నది ఏ పక్షి అంటే ఒక్కరూ చెప్పలేదు. సగం ఫైళ్లు మీరే అతికించారని కూడా నాకు తెలుసు!

అందుకే ఈసారి మార్కులు లేవు, సర్టిఫికెట్ లేదు. నెలకు ఒక్క బొమ్మ. ఎంచుకోవాల్సింది బిడ్డే. వెనకవైపు పక్షి పేరు, పువ్వు పేరు, ఏ కాలమో రాయాలి. అక్కడ ప్లమ్ జాతి పూలతో ఉగుయిసు అనే చిన్న పిట్ట కనబడితే వసంతం వస్తున్నట్టు. చంద్రుడి ముందు పెద్దబాతులు ఎగిరితే శరత్తు. ఇవి వెతకడానికే పిల్లలకు వారం పడుతుంది, పట్టనివ్వండి.

ఇంట్లో మీరు చేయాల్సింది ఒక్కటే. ఎన్ని పోగయ్యాయని అడగకండి. ఆ కొంగను వదిలేసి ఈ కాకిని ఎందుకు తీసుకున్నావని అడగండి. జవాబుకు కొంచెం టైమ్ పడుతుంది, ఈలోగా ఫోన్ చేతిలోకి తీసుకోకండి.