అప్పజెప్పడం



'అప్పజెప్పు' అన్న మాటకు రెండర్థాలున్నాయి. ఒకరి చేతిలో పెట్టడం ఒకటి. నేర్చిన పాఠాన్ని గురువు ఎదుట తిరిగి వినిపించడం మరొకటి. ఆసుపత్రి నుండి రోగిని ఇంటికి పంపేటప్పుడు ఈ రెండూ జరగాలి. మన వద్ద తరచు మొదటిదే జరుగుతున్నది.

కొన్నేళ్ల క్రితం కోరుట్లలో మా బావగారికి పక్షవాతం వచ్చింది. ముక్కుకు గొట్టంతో, మూత్రపు సంచితో ఇంటికి పంపారు. నర్సమ్మ మా అక్క చేతిలో ఇంగ్లీషు కాగితమూ, మందుల సంచీ పెట్టి, "మంచిగ చూసుకో అవ్వా" అన్నది. అక్కకు ఇంగ్లీషు రాదు. కొడుకు దుబాయిలో ఉన్నాడు. ఆమె బావగారిని వెల్లకిలా పడుకోబెట్టే గొట్టంలో జావ పోసింది. ఆయన పొలమారి ఉక్కిరిబిక్కిరయ్యారు. పదిరోజులు తిరగకుండానే నడుము కింద పుండు పడి మళ్లీ ఆసుపత్రికే చేరారు. ఆ నర్సమ్మను తప్పుపట్టలేను. వార్డంతటికీ ఆమె ఒక్కతే.

ఇంటికి పంపే ఆలోచన రోగి చేరిన నాడే మొదలుకావాలి. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో ఎన్నో ఇళ్లలో మగవారు గల్ఫులో ఉంటారు, ఆడవారు బీడీలు చుడుతుంటారు. సిరిసిల్లలో మరమగ్గం ఆగితే ఆనాటి కూలి లేదు. కనుక నర్సు ముందుగా అడగవలసినది ఇది: ఇంట్లో ఎవరున్నారు? రాత్రి లేచి రోగిని పక్కకు తిప్పగలిగేది ఎవరు? మరుగుదొడ్డి ఎంత దూరం?

తరువాత నేర్పవలసినవి. గొట్టంలో పోసేటప్పుడు తలవైపు ఎత్తుగా ఉంచాలి, పోశాక కూడా కనీసం అరగంట అలాగే ఉంచాలి. కదలలేనివారిని సాధారణంగా రెండేసి గంటలకొకసారి పక్క మార్చాలి. మూత్రపు సంచి నడుముకంటె దిగువన ఉండాలి. ఇవి చెప్పి వదలక, ఇంటివారి చేత చేయించి చూడాలి. బడిలో "అర్థమైందా?" అంటే ప్రతి పిల్లవాడూ తల ఊపుతాడు, పద్యం అప్పజెప్పమన్నప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. వైద్యరంగంలో ఈ పద్ధతిని 'టీచ్ బ్యాక్' అంటారు.

జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలయింది. సంతోషమే. కాని అంత ఖర్చుపెట్టి నిలిపిన ప్రాణం ఇంటి గడప దాటాక ఎవరి బాధ్యత? కేరళ 2008లోనే ఇందుకొక విధానం చేసుకొని, మంచాన పడ్డవారి ఇళ్లకు నర్సులను పంపుతున్నది. మన వార్డులలో ఈ పనికని తీరిక గల ఒక్క నర్సునైనా నియమించాలి. తెలుగు కాగితమూ, ఫోను చేయడానికొక నంబరూ ఇవ్వాలి.

అంతవరకు మనమైనా ఆసుపత్రి విడిచే ముందు, "అమ్మా, నేనొకసారి చేస్తాను, చూసి తప్పులు దిద్దండి" అని అడుగుదాం. మా అక్కకు ఆ మాట చెప్పడానికి ఆనాడు నేను పక్కన లేను.