క్షయ పురుగు మన సంగటి తినదు

పోయిన ఎండాకాలం ప్రొద్దుటూరు దగ్గర మా ఊరికి పోయేసరికి జేజినాయన సంగటి దాదాపు మానేసి ఉన్నాడు. టీబీ అని తేలి మూడు వారాలు. షుగర్ ముందునుంచే ఉంది. చూడటానికొచ్చిన చుట్టమొకాయన "పిండిపదార్థమంతా చక్కెరే, పెట్టొద్దు. తింటే లోపల పురుగు బలుస్తాది" అని చెప్పిపోయాడంట. జేజి నమ్మింది. మాత్రలు టైముకే వేస్తోంది, కంచంలో మాత్రం సగానికి సగం కోసేసింది.

నాకు బయాలజీ టెన్త్‌తోనే సరి. కానీ ఆ మాటలో లాజిక్ ఉన్నట్టే అనిపించి, భయమేసి చదవడం మొదలుపెట్టా.

టీబీ బాక్టీరియా ఊపిరితిత్తుల్లో మన రక్షణ కణాల లోపలే కాపురం పెడుతుంది. అక్కడ దాని ముఖ్యమైన తిండి కొవ్వులు, కొలెస్ట్రాల్. చక్కెర సంగతి ఇంకా విచిత్రం. దానికి బాగా అక్కరకొచ్చే చక్కెర ట్రెహలోజ్, అంటే రెండు గ్లూకోజ్‌లు అతుక్కున్నది. మన ఒళ్లు దాన్ని తయారు చేయదు. బాక్టీరియా తనే చేసుకుని, దానిమీద మైనంలాంటి కొవ్వు ఎక్కించి బయటి గోడకు పంపుతుంది. సరుకు దిగాక ఖాళీ ట్రెహలోజ్ మిగులుతుంది. గోలీసోడా బండాయన ఖాళీ సీసాలు వదిలిపెట్టి పోడు కదా, ఇదీ అంతే. వాటిని లోపలికి లాక్కోడానికే ప్రత్యేకంగా ఒక పంపు పెట్టుకుంది. (మన సీఎస్ఈ భాషలో, ఫ్రీ చేసిన మెమరీని మళ్లీ వాడుకోవడం.) ఆ పంపు జీన్లు పనిచేయకుండా చేస్తే ఎలుకల్లో బాక్టీరియా బాగా నీరసించిందని 2010లో తేలింది.

కాబట్టి ముద్ద ఆపితే పస్తులుండేది జేజినాయనే. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లకు నెలనెలా బియ్యం, పప్పు ఇచ్చి చూశారు. ఇంట్లో మిగతావాళ్లకు కూడా తిండి అందిన చోట వాళ్లకు టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. 2023లో లాన్సెట్‌లో వచ్చింది.

చుట్టం మాటలో సగం నిజముంది, ఒప్పుకుంటా. షుగర్ ఉన్నోళ్లకు టీబీ ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ. రక్తంలో చక్కెర అదుపు తప్పితే రక్షణ కణాలు మందగిస్తాయి. అందుకని స్వీట్లు ఆపాల్సిందే, షుగర్ మాత్ర వేయాల్సిందే. అన్నం, గుడ్డు, పప్పు ఆపమని కాదు.

నా కోపం వేరే. రెండు వారాలు దగ్గితే పరీక్ష చేయించుకోమని గోడలమీద పోస్టర్లు ఉంటాయి, ఏం తినాలో చెప్పేవాళ్లు మాకు దొరకలేదు. నిక్షయ్ పోషణ్ కింద 2018లో నెలకు 500 ఇచ్చేవాళ్లు, 2024 నవంబర్ నుంచి 1000 చేశారు. రోజుకు 33 రూపాయలు. అదీ ఎందుకిస్తున్నారో చెప్పకుండా ఖాతాలో పడితే, మా ఇంట్లో కరెంటు బిల్లుకు పోయింది. మొదటి మాత్రల ప్యాకెట్ ఇచ్చే రోజే వంట చేసే మనిషిని కూర్చోబెట్టి, మన తెలుగులో పది నిమిషాలు కంచం గురించి మాట్లాడాలి. దానికి కొత్త పథకమేమీ అక్కర్లేదు.

జేజికి గోలీసోడా కథే చెప్పా. చాలాసేపు ఆలోచించి "అయితే దాని సీసాలు దానివేనా?" అనింది. ఆ రాత్రి పెద్ద ముద్దే పడింది, పక్కన శెనిక్కాయల ఊరిబిండి.